వెయ్యి నూట పదహార్లు

నరసరావుపేటలో కెమికల్స్ కొట్టు పైన, మేడ మీద నీళ్ళ పరీక్షల ల్యాబు. ల్యాప్‌టాప్ ముందు కీర్తి కూర్చుని ఉంది. ఆమె ఆ ఇంటి ఆడపడుచు, కాలేజీలో స్టాటిస్టిక్స్ లెక్చరరు. కాఫీ గ్లాసులతో లోపలికొచ్చిన వదిన నాగవల్లి వెనకే కీర్తి లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"తలుపెందుకు వేశావే?"

"చెప్తా. ముందు కూచో వదినా."

"కూచుంటే కింద కొట్టు ఎవరు చూస్తారు? మీ అన్న ఆ బాటిళ్ళు తెచ్చే నరేంద్రని వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. నీదేదో ఒక్క ముక్కలో తేల్చెయ్. వాడు తెచ్చినవి దొంగ నీళ్ళా, కాదా?"

"వాళ్ళమ్మ ఇంకా కిందనే ఉందా?"

"ఎవరు, మస్తానమ్మా? పొద్దుట్నుంచి మెట్ల మీదే. మంచినీళ్ళిచ్చినా ముట్టుకోలా. ఎక్కడ కాళ్ళ మీద పడిద్దోనని నేను మళ్ళీ అటు మొహం కూడా తిప్పట్లా. కొడుకు చేసిన పనికి పాపం ముసల్ది ఏం చేసిద్ది."

"చేశాడని తేలిందా?"

"తేల్చమనే గదమ్మా నిన్ను కాలేజీ నుంచి పిలిపించింది! 'ఈ బళ్ళ నీళ్ళ సర్వే రిపోర్టులో అంకెలు తప్పు' అని నువ్వొక్క మాట చెప్తే చాలు. సాయంత్రం ఆ సర్వే ఇచ్చిన ఆఫీసరు గారి ముందు మీ అన్న ఆ మాట పెడతాడు. నరేంద్ర ఒప్పుకుంటే ఉద్యోగంతో పోయిద్ది. ఒప్పుకోకపోతే స్టేషను."

"అంకెలు తప్పే."

"చూశావా! నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నా. బెల్లంకొండ బడి నుంచి అర్జీ వచ్చిందంటే ఊరికే వచ్చిద్దా? పిల్లల పళ్ళు గార పడుతుంటే మీరు నీళ్ళు బ్రహ్మాండం అని రాశారేందని అడిగారు. వాడసలు ఆ బళ్ళకే పోలా. ఇక్కడే పేటలో ఏదో ఒక కుళాయి దగ్గర బాటిళ్ళన్నీ నింపేసి, బస్సు చార్జీలు జేబులో వేసుకుని..."

"అంకెలు తప్పన్నా. నరేంద్ర తప్పనలా."

"రెండూ ఒకటే గదా."

"కాదు వదినా. ఒకే కుళాయి నీళ్ళయితే ఫ్లోరైడు అన్ని బాటిళ్ళలోనూ ఇంచుమించు ఒకటే రావాలి. ఒక్క కాగులో పప్పుచారు పది గిన్నెల్లో పోస్తే పది రుచులు వస్తయ్యా?"

"ఎందుకొస్తయ్?"

"మరి రిపోర్టులో గురజాలకొకటి, మాచర్లకొకటి, బెల్లంకొండకొకటి. ఏ రెండూ ఒక తీరు లేవు. ఒక్క కుళాయి కాదిది."

"అయితే పది కుళాయిలు తిరిగుంటాడు. వాడికి పేటలో తెలీని కుళాయి ఉందా?"

"అసలు కుళాయే కాదు. ఈ అంకెలు నీళ్ళలోంచి వచ్చినయ్యే కావు."

"మరెక్కడ్నించి వచ్చినయ్, ఆకాశంలోంచా?"

"కంప్యూటర్లోంచి. కాఫీ ఒలుకుతంది వదినా."

"చూశాలే. నాకా కంప్యూటర్ గొడవలు అర్థం కావు గానీ, నీకెట్టా తెలిసింది?"

"నిజంగా కొలిస్తే పక్కపక్క ఊళ్ళ నీళ్ళు కాస్తన్నా దగ్గరగా ఉంటయ్. సున్నపురాయి గనుల వైపు ఒక తీరు, కృష్ణ ఒడ్డున ఒక తీరు. ఇందులో ఊరికీ ఊరికీ చుట్టరికమే లేదు. అంటే కొలవలా."

"సరే, కొలవలా. ఎవడో కూచుని నోటికొచ్చింది రాశాడు. కంప్యూటరెందుకు?"

"చేత్తో రాస్తే చెయ్యి పట్టిచ్చిద్ది. మనిషి దొంగ అంకె రాసేటప్పుడు ఒకే అంకె పక్కపక్కన వెయ్యడు. సున్నాతోనో అయిదుతోనో ముగించడు, అబద్ధంలా కనపడిద్దని భయం. ఆ చివరి అంకెల్ని పరీక్ష చేసే ప్యాకేజీ ఒకటుంది. దాంట్లో వేసి చూశా. కడిగిన ముత్యంలా ఉంది. మనిషి చెయ్యి పడ్డ గుర్తే లేదు."

"ప్యాకేజీ అంటే? కొన్నావా?"

"కొనక్కర్లా. ఆర్ అని సాఫ్ట్‌వేర్ ఉంది గదా, దానికి ఇట్టాంటి ప్యాకేజీలు వేలల్లో ఉన్నయ్. ఎక్కడెక్కడో ప్రొఫెసర్లు రాసి అందరికీ వదిలేశారు. ఎవరైనా దించుకోవచ్చు."

"ఊరికేనా?"

"ఊరికే."

"మన బజార్లో ఊరికే ఇచ్చేది కొసరొక్కటే. అదీ తూకంలో లాగేసుకున్నాకే. ముక్కూ మొహం తెలీనోడు ఊరికే ఇచ్చినదాన్ని పట్టుకుని మనుషుల మీద తీర్పు చెప్తావా?"

"ఊరికే ఇచ్చాడని గాదు, తెరిచి ఇచ్చాడని నమ్ముతున్నా. లోపల ఏం రాశాడో ప్రతి అక్షరం బయటే ఉంది. తప్పుంటే ఇంకోడు పట్టుకుంటాడు, దిద్దుతాడు. మూత పెట్టిన గిన్నె కాదది. రేపు ఆఫీసరు గారు తన కంప్యూటర్లో వేసుకున్నా ఇదే వచ్చిద్ది. నా మాట నమ్మే పనే లేదు."

"ఆఫీసరు గారికి కూడా చూపిస్తావా?"

"చూపించొద్దా?"

"నేనేం అన్నా ఇప్పుడు? చూపించు, చూపించు. కాఫీ చల్లారిపోతంది, తాగు."

"నువ్వు తాగట్లేదేం?"

"నాకు పైత్యం చేసింది పొద్దుట్నుంచి. ఇంతకీ ఏంటంటావు? కంప్యూటర్లోంచి అంకెలు వచ్చినయ్యంటే... అది జెబా పని. ఇంకెవరు? ఈ మేడ మీద కంప్యూటరు ముందు కూచునేది అదొక్కతే గదా."

"నాకూ ముందు అదే తట్టింది. కానీ రిపోర్టు రాసిన వారమంతా జెబా మాచర్లలో ఉంది, వాళ్ళక్క కాన్పుకి. నువ్వే సెలవిచ్చావు. నువ్వే బిడ్డకి గౌను కొని పంపించావు."

"అవునవును. మర్చిపోయా."

"నరేంద్రకేమో ఫోను తప్ప కంప్యూటరు తెలీదు."

"నేర్చుకుని ఉంటాడు. ఈ కాలం వాళ్ళు ఫోన్లోనే అన్నీ నేర్చుకుంటున్నారు."

"ఇంతకు ముందే గదా వాడు పది కుళాయిలు తిరిగాడన్నావు?"

"నాకేం తెలుసమ్మా! నువ్వడుగుతున్నావు, నేను తోచింది చెప్తున్నా. పోలీసోడిలా అడుగుతావేంది?"

"సరే, అడగను. నేనే చెప్తా. ఆర్‌లో ఒక పనుంది. 'ఇంత సగటుతో, ఇంత అటూ ఇటూగా, ఇన్ని అంకెలు పుట్టించు' అంటే పుట్టిచ్చిద్ది. అచ్చం కొలిచినట్టే ఉంటయ్. కాకపోతే అవి గాల్లోంచి రావు. మొదట మనమొక అంకె ఇవ్వాలి. సీడ్ అంటారు దాన్ని, విత్తనం. అదే విత్తనం వేస్తే అదే వరుస వచ్చిద్ది. అమెరికాలో వేసినా అంతే, పిడుగురాళ్ళలో వేసినా అంతే."

"విత్తనం వెయ్యకపోతే?"

"వెయ్యకపోతే కంప్యూటరు తనకి తోచింది తీసుకునేది. నాకు ఈ జన్మలో దొరికేది కాదు."

"మరి అంత తెలివైనోడు విత్తనం ఎందుకు వేసినట్టు?"

"వెయ్యాలని ఎవరో నేర్పారు కాబట్టి. నేనూ మా పిల్లలకి అదే నేర్పుతా. సీడ్ పెట్టకుండా ఏ పనీ మొదలెట్టొద్దని."

"ఇంకేం, దొరికాడుగా! నీ దగ్గర చదువుకున్న కుర్రోడెవడో. నరేంద్ర వాడి చేత చేయించుంటాడు. ఇద్దరూ ఒక బజారు వాళ్ళేమో కనుక్కో."

"మా పిల్లలు ఒకటీ రెండూ మూడూ కొడతారు వదినా. పుస్తకాల్లో అదే ఉంటది, అదే కొడతారు. ఇది అది కాదు."

"ఏదో నీకెట్టా తెలుసు?"

"వెతికా. ఒకటి నుంచి లక్ష దాకా ఒక్కో విత్తనం వేసి చూడమన్నా. సగటు ఎంత పెట్టారో నాకు తెలీదు, తెలియక్కర్లా. ఎగుడూ దిగుడూ రిపోర్టులో వరుసతో చాలా మటుకు కలిస్తే ఆగమన్నా. నేను వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చేలోగా ఆగింది."

"ఎక్కడ?"

"వెయ్యి నూట పదహారు దగ్గర. చదివింపుల అంకె వదినా. ఏదో ఒక అంకె కొట్టమంటే ప్రపంచంలో ఇంకెవడన్నా అది కొడతాడా? వంద కొట్టలా, వెయ్యి కొట్టలా. సున్నాతో ముగిస్తే అశుభం. ఇది పెళ్ళికెళ్ళి కవరు మీద రాసే చెయ్యి."

"బాగుంది! వెయ్యి నూట పదహార్లు ఈ గుంటూరు సీమలో ఎవరికి తెలీదు? పురోహితుడు కూడా కొట్టుంటాడు. పోయి ఆయన్ని పట్టుకో."

"పురోహితుడికి ఈ ల్యాబు తాళాలు ఎవరిస్తారు?"

"అంటే? తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ళా దొంగలు?"

"తాళాలు ఇద్దరి దగ్గరే ఉన్నయ్ వదినా."

"మీ అన్నంటావా?"

"నువ్వు చెప్పు."

"నేనేం చెప్పను? ఆయన కొట్లో పెళ్ళి పిలుపు రాని రోజుండదు. ఆ అంకె రాసీ రాసీ చెయ్యి అరిగిపోయింది ఆయనకి. కానీ మీ అన్న అట్టాంటోడు కాదు. అంటే... నేననుకోవటం."

"అనుకోవటమా?"

"మగాళ్ళ లోపల ఏముందో ఎవరికి తెలుసే? కట్టుకున్న దాన్నైనా అన్నీ నాతో చెప్పి చేస్తాడా?"

కీర్తి ఫోను మోగింది. అన్న వేణుమాధవ్. ఆమె వదిన వైపే చూస్తూ స్పీకర్లో పెట్టింది.

"ఏమ్మా, తేలిందా?"

"ఒక్కటడుగుతా అన్నయ్యా. సర్వే అప్పుడు ఫ్లోరైడు మీటరు ఏమన్నా పాడైందా?"

"మీటరా? లేదే. పాడైతే మీ వదిన చెప్పకుండా ఉండిద్దా? ల్యాబంతా తనదేగా. నాకు ఆ మీటరు ఎక్కడ ఆన్ చేస్తారో కూడా తెలీదు. ఎందుకూ?"

"ఊరికే. నరేంద్ర ఏమంటున్నాడు?"

"అదేనమ్మా నాకు పిచ్చెక్కిస్తంది. 'బళ్ళన్నీ తిరిగాను సార్, బాటిళ్ళు తెచ్చి ర్యాకులో పెట్టాను' అంటాడు. 'మరి అంకెలు ఎట్టా తప్పొచ్చినయ్ రా' అంటే నోరు మూసుకుని నేల చూస్తాడు. ఏ తప్పూ చెయ్యనోడు నేల చూస్తాడా?"

"చెయ్యి చేసుకోలేదుగా?"

"ఛ, ఛ. ఇన్నేళ్ళు మన ఇంట్లో మనిషిలా తిరిగినోడు, నాకు మాత్రం సరదానా? వాడే మాట్లాడితే ఈపాటికి అయిపోయేది. బయల్దేరుతున్నాం. ఆఫీసరు గారు కూడా మా వెనకే వస్తారు. నీ మాట సిద్ధంగా పెట్టుకో. అదిగో, మీ వదినకి చెప్పు, నాలుగు టీలు పెట్టమని."

"చెప్తా." కీర్తి ఫోను పెట్టేసింది.

"విన్నావుగా వదినా. నాలుగు టీలు."

"ఆయనకి ఎప్పుడూ టీల గోలే."

"మీటరు ఆన్ చెయ్యటం కూడా రాదంట అన్నయ్యకి."

"రాకపోతే? అంకెలు పుట్టించటానికి మీటరెందుకు, కంప్యూటరు చాలని నువ్వేగా అన్నది?"

"అన్నయ్యకి కంప్యూటర్లో టికెట్ బుక్ చెయ్యాలన్నా నన్నే పిలుస్తాడు. వదినా, ఆ మీటరు ప్రోబు, అదే నీళ్ళలో ముంచే కడ్డీ, చూశావా? కొత్తగా మెరిసిపోతంది."

"తుడిచి పెట్టుకుంటాం గదా."

"తుడిస్తే దాని మీద కంపెనీ పేరు కూడా మారిద్దా? పాతది వేరే కంపెనీది. నేనే కొనిపెట్టా."

"నీకు అన్నీ అనుమానాలే! మీ నాన్న పోలిక. ఆయనకీ అంతే, కిరాణా పొట్లం విప్పి మళ్ళీ తూకం వేసేవాడంట."

"నాకొక్కటే అనుమానం మిగిలింది. ఒక బడి సరిపోలా."

"ఏంది సరిపోనిది?"

"వెయ్యి నూట పదహారు వేస్తే వచ్చిన వరుసా, రిపోర్టులో వరుసా అచ్చు గుద్దినట్టు ఒకటే. ఒక్క బడి దగ్గర తప్ప. అక్కడ కంప్యూటరు ఇచ్చిన అంకె తీసేసి ఇంకోటి పెట్టారు. హద్దుకి రెండింతలు దాటిన అంకె. మొత్తం రిపోర్టులో 'ఈ నీళ్ళు తాగొద్దు' అని రాసింది ఆ ఒక్క బడికే. దానికి ఫిల్టరు కూడా వచ్చేసింది. మిగతా బళ్ళలో 'నీళ్ళు మంచివి' అని బోర్డు కట్టారు."

"ఏ బడో... గుర్తులేదు నాకు."

"నడికుడి. మీ తమ్ముడి పిల్లలిద్దరూ చదివేది ఆ బళ్ళోనే."

"కలిసొచ్చి ఉంటది. లోకంలో కలిసిరావటాలు ఉండవా?"

"ఉంటయ్. కలిసి రావటానికి కూడా లెక్కుంది వదినా. పోయిన ఎండాకాలం డాబా మీద చాప వేసుకుని ఆ లెక్కే నేర్పా నీకు."

"నాకేం నేర్పావు? రెండు రోజులు ఏదో సరదాకి..."

"'మీ అన్న నన్ను గల్లాపెట్టె ముందు కూచోబెట్టాడు గానీ నేనూ బీయస్సీనే' అన్నావు. మా ఎమ్మెస్సీ పిల్లలు నెల రోజులు తన్నుకులాడేది నువ్వు చిటికెలో పట్టుకున్నావు. కాలేజీలో అందరికీ చెప్పుకుని మురిసిపోయా. మా వదిన, మా వదిన అని."

"తలుపు సరిగా వేశావా?"

"వేశా."

"అరవకు మరి. కింద మస్తానమ్మ ఉంది."

"అరవట్లా. చెప్పు."

"ప్రోబు పగిలింది. కడుగుతుంటే చెయ్యి జారింది. కొత్తది బొంబాయి నుంచి రావాలన్నారు. రిపోర్టు ఇవ్వాల్సిన రోజేమో నెత్తి మీదకొచ్చింది. ఒప్పుకున్న సరుకు ఒప్పుకున్న రోజుకి చేరాలి అని మామయ్యగారు పోయేదాకా అదే మాట. ఆయన కాలంలో ఒక్కసారన్నా ఈ కొట్టు మాట తప్పిందా? కోడలి చేతికి తాళాలిచ్చాక తప్పిందని అనిపించుకోనా?"

"అన్నయ్యకి చెప్పొచ్చుగా?"

"మీ అన్నకి పగిలిన ప్రోబు కనపడదే. జారిన చెయ్యి కనపడిద్ది. 'అందుకే గల్లాపెట్టె దగ్గర కూచోమన్నా' అంటాడు. ఎన్నేళ్ళు బతిమాలితే ఎక్కనిచ్చాడు నన్నీ మేడ!"

"నడికుడి బాటిలు మాత్రం?"

"గుంటూరులో వేరే ల్యాబుకి పంపించా. అన్నిటికీ అంకెలు పెట్టేశా, ఆ ఒక్కదాని దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలా. పిల్లలిద్దరూ కళ్ళ ముందు కనపడ్డారు."

"మిగతా బళ్ళలో పిల్లలు?"

"వాళ్ళ మొహాలు నాకు తెలీదు కీర్తీ. అట్టా చూడకే. నువ్వైతే ఏం చేసేదానివి?"

"అన్నీ గుంటూరు పంపించేదాన్ని."

"అన్నీ అక్కడే చేయిస్తే ఇక నీ ల్యాబెందుకని అడగరా? పేటంతా తెలిసిపోదా?"

"సరే, కొత్త ప్రోబు వచ్చాక? బాటిళ్ళు ర్యాకులోనే ఉన్నయ్ గదా, అప్పుడన్నా కొలవచ్చుగా?"

"రిపోర్టు వెళ్ళిపోయాక కొలిచి ఏం చెయ్యను? తేడా వస్తే? తెలిస్తే చెప్పాలి. తెలీకపోతే చెప్పక్కర్లా. అందుకే పారబోయించా."

"ఎవరితో? నరేంద్రతోనేనా?"

"నేను చెప్పింది చెయ్యటమేగా వాడి పని."

"నడికుడి బాటిలు గుంటూరు తీసుకెళ్ళింది?"

"వాడే."

"అయితే వాడికి అంతా తెలుసు!"

"తెలుసు. చెప్పడు."

"స్టేషనుకి పోతానన్నా చెప్పడా? ఎందుకు చెప్పడు?"

"ఒట్టేయించుకున్నా. వాళ్ళమ్మ మీద."

"వదినా! అందుకా వాడు నేల చూసేది? ఆ అమ్మ కింద మెట్ల మీద కూచుని ఉంటే, నువ్విక్కడ కాఫీ కలుపుకొచ్చి..."

"అరవొద్దన్నానా! నేనేం రాయినా? నాకూ నిద్రపట్టట్లా. అర్జీ వస్తదని కలగన్నానా? వచ్చింది. మీ అన్న వాడి మీదకి పోయాడు. నేను పొమ్మన్లా. ఆపలా, అంతే. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ల్యాబు పోయిద్ది, కొట్టు పోయిద్ది, మీ అన్న ఈ బజార్లో తలెత్తుకోలేడు. వాడు ఒప్పుకుంటే ఒక ఉద్యోగం పోయిద్ది. నేను తిరిగి ఇప్పిస్తా. కొట్లోనే పెట్టుకుంటా."

"దొంగ అని ముద్ర పడ్డోడినా?"

"రెండు నెలలు పోతే ఎవరికి గుర్తుంటది? నువ్వు చెయ్యాల్సింది ఏముంది? 'అంకెలు తప్పు, అంతకు మించి నాకు తెలీదు' అను. మొదటిది నిజమేగా. ఆ కంప్యూటరు మూసెయ్."

"బెల్లంకొండలో పిల్లలు రేపు కూడా ఆ బోరు నీళ్ళే తాగుతారు వదినా. మంచివని మనమే బోర్డు కట్టించాం."

"చెడ్డవని నీకేం తెలుసు? ఎవరూ కొలవలా. బాటిళ్ళు లేవు. నీ దగ్గరున్నది ఒక్క వెయ్యి నూట పదహారు. అది చూపిస్తే ఆఫీసరు గారు ఏమడుగుతారో తెలుసా? 'ఈ విద్య ఈ ఇంట్లో ఎవరికొచ్చు?' అంటారు. పేటలో ఆర్ లెక్చరరు ఎవరు? నువ్వు. నేను గల్లాపెట్టె దగ్గర కోడల్ని. నన్నెవరు అనుమానిస్తారే?"

"నన్ను ఇరికిస్తావా?"

"నేనెందుకు ఇరికిస్తా? లోకం ఏమనుకుంటదో చెప్తున్నా. పెళ్ళి సంబంధాలు చూస్తున్న పిల్లవి. నేను చెడ్డదాన్నయితే నీకు ఇవన్నీ చెప్పేదాన్నా? మూసెయ్యవే. నా తల్లివి గదూ. మీ అన్న బండి వచ్చేస్తది."

"అన్నయ్యకి తెలిస్తే... నాన్న పేరు..."

"అదే. అది ఆలోచించు. నువ్వూ ఈ ఇంటి పిల్లవే."

కీర్తి చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీద పడింది. అప్పుడు తలుపు చప్పుడైంది.

"ఎవరు?"

"నేనమ్మా. మస్తానమ్మని."

"తియ్యకే కీర్తీ. ఏడుపులు మొదలయితయ్."

"జరుగు వదినా. రా పెద్దమ్మా. ఇట్టా కుర్చీలో కూచో."

"కూచోనమ్మా. కూచుని కూచుని నడుం పట్టేసింది. నాగవల్లమ్మ గోరితో మాటుంది."

"చూడు మస్తానమ్మా, నీ కొడుకుని ఒప్పుకోమను. స్టేషను లేకుండా చూసే పూచీ నాది. కాళ్ళ మీద పడే పన్లేదు."

"కాళ్ళ మీద పడటానికి రాలేదమ్మా. మీరు చెప్తారేమోనని కూచున్నా."

"నేనా? ఏం చెప్పాలి నేను?"

"పొద్దున నా పక్క నుంచే మెట్లెక్కారు, అప్పుడు చెప్తారనుకున్నా. మంచినీళ్ళ చెంబు ఇచ్చారు, అప్పుడన్నా చెప్తారనుకున్నా. ఇంక పొద్దు వాలతా ఉంది."

"పెద్దమ్మా, నీకు తెలుసా? నరేంద్ర చెప్పాడా?"

"బయటెవరికీ చెప్పనని నా మీద ఒట్టేశాడంట పాపా. నేను బయటదాన్నా? వాడు మాత్రం మీ అన్న ముందర నోరు తెరవడు. చచ్చినా తెరవడు. ఒట్టేసింది వాడు. నేనెయ్యలా."

"నువ్వు చెప్తే నమ్మేదెవరే? ఊరంతా కొడుకు కోసం చెప్పిందంటారు. నీళ్ళున్నయ్యా చూపించటానికి?"

"మీరు పారబోయమన్నారు, పారబోశాడు. బెల్లంకొండ నుంచి అర్జీ వచ్చింది గదమ్మా, అది ఎవరు పెట్టారనుకున్నారు?"

"బడోళ్ళు. ఇంకెవరు?"

"మా నందిని. నా కూతురు. దాని పిల్ల ఆ బళ్ళోనే మూడో తరగతి."

"అయితే? పళ్ళు గార పట్టినంత మాత్రాన నీళ్ళు చెడ్డవని నీ కూతురికి ఎట్టా తెలుసు? ఎవరు కొలిచారు?"

"మీ తమ్ముడి పిల్లల కోసం మావాడికి ఒక సీసా ఇచ్చి గుంటూరు పంపించారు చూడండి. ఆ రోజు వాడు తీసుకెళ్ళింది ఒక్క సీసా కాదమ్మా. రెండు."